మునెమ్మ కొడుకు

వాడు రాకపోతే ఒక రకం నష్టం, వస్తే ఇంకో రకం నష్టం, రెంటిలో ఏది తక్కువో తేల్చుకోలేక దేవరాజులు ఆసుపత్రి వరండాలో సిమెంటు బెంచీ మీద కూర్చుని గేటు వైపే చూస్తున్నాడు. చిత్తూరులో బెల్లం మండీ నడిపే మనిషి. బండి ఇంకా వీధి మలుపు తిరక్క ముందే వాసనను బట్టి అది ఏ పక్క బెల్లమో చెప్పగలడు, దించక ముందే దాని బేరం మనసులో ముగించగలడు. అలాంటివాడికి ఇవాళ లెక్క తెగడం లేదు. లోపల ఆడవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం మీద భార్య సుబ్బులమ్మ ఉంది. గుండె అలిసిపోయింది, ఇక మందులు చేసేదేమీ లేదు, పిలవాల్సిన వాళ్లను పిలుచుకోండి అని పొద్దున డాక్టరు పక్కకు తీసుకుపోయి చెప్పాడు. పిలవాల్సినవాడు ఒక్కడే, కుప్పయ్య. ఈ తిరుపతిలోనే ఉన్నాడు, యూనివర్సిటీలో, చల్లటి గదిలో కంప్యూటరు ముందు. ఎదురుగా ఉన్న మందుల అంగడి నుంచి ఫోను చేస్తే ఎవరో ఎత్తి, ‘ఆయన లోపల ప్రోగ్రాం నడుపుతా ఉండాడు, బయటికొస్తే చెప్తాం’ అన్నారు. చెప్పారో లేదో. చెప్పినా వస్తాడో రాడో. రోగుల్ని చూడనిచ్చేది సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా, ఆ తర్వాత గంట కొట్టి అందరినీ బయటికి తోలేస్తారు, రేపు నాలుగింటి దాకా ఆమె ఆగుతుందని డాక్టరు అనలేదు. రాకపోతే ఆమె వాణ్ణి చూడకుండా పోతుంది. వస్తే, వాడి మొండితనం తండ్రికి తెలియనిది కాదు, మంచం పక్కన నిలబడి ‘అమ్మా’ అంటాడు. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే చాలు. ఇరవై రెండేళ్లుగా ఆమె ఏ మాట వినకుండా చెవులు మూసుకుని బతికిందో ఆ మాట, చావే గుమ్మంలో నిలబడి వింటున్న ఈ గంటలో, ఆమె కన్న కొడుకే గట్టిగా అంటే, ఇన్నేళ్లు కాపాడిన బేరం ఒక్క క్షణంలో చెడిపోయిందని ఆమె ప్రాణం భయంతో పోతుంది.

బేరమే అది, ఇంకో పేరు పెట్టడానికి లేదు, దగ్గరుండి జరిపించినవాడు తనే. కుప్పయ్య కంటే ముందు ఇద్దరు పురిట్లోనే పోయారు, పేరు పెట్టేదాకా కూడా ఉండలేదు. మూడోది పంకజాక్షి, నాలుగేళ్లు బతికింది, మండీలో పెద్ద తక్కెడ కనిపిస్తే చాలు ఎక్కి కూర్చుని ‘నన్ను తూయి నాయనా’ అనేది, రెండో తట్టలో బెల్లం దిమ్మలు పెడుతుంటే గాల్లోకి లేస్తూ కేకలు వేసేది, దిమ్మ ఒకటి ఎక్కువ పెట్టి ‘నువ్వింకా తక్కువున్నావు పో, అన్నం తినిరా’ అంటే నిజంగానే ఇంట్లోకి పరిగెత్తేది. ఒక వానాకాలం జ్వరమొచ్చి నోట మాట లేకుండా పోయింది. చిన్న బిడ్డ, కాల్చకూడదు, పూడ్చాలన్నారు. తద్దినం లేదన్నారు. అంటే ఆ బిడ్డ పేరు ఏటికొకసారైనా ఎవరూ పలకనక్కర లేదన్న మాట. ఆ తర్వాత పుట్టినవాడు కుప్పయ్య. పుట్టిన రోజే మంత్రసాని బిడ్డను చేటలో పెట్టి మండీ వెనక పెంటకుప్ప మీద ఉంచింది. వెనక సందులో బర్రెలు పెట్టుకుని పాలు పోసే మునెమ్మ, ముందే అనుకున్న ప్రకారం, ఏమీ తెలియనట్టు అటుగా వచ్చి, ‘ఎవురిదమ్మా ఈ బిడ్డ, కుప్పలో పడుండాదే?’ అంది. సుబ్బులమ్మ గోడకు ఆనుకుని నిలబడి, ‘నాది కాదు, కావల్లంటే ఎత్తుకుపో’ అంది. ‘ఊరికే ఎత్తుకుపోతే దొంగతనమంటారు, ఇదో తవుడు’ అని మునెమ్మ ఒక చేట తవుడు కుమ్మరించి బిడ్డను ఎత్తుకుంది. బర్రెలకు వేసే తవుడు. మళ్లీ దొడ్డిదోవన వచ్చి, ‘నా బిడ్డను కొన్నాళ్లు సాకి పెట్టమ్మా, నాకు బర్రెలతోనే సరిపోతాది’ అని ఒళ్లో పెట్టి పోయింది. బిడ్డలు నిలవని ఇళ్లల్లో అందరూ చేసేదే. పనికిమాలిన సరుకని చూపిస్తే ప్రాణాలు ఎత్తుకుపోయేవాడు దాని జోలికి రాడు, అంతే. చాలా ఇళ్లల్లో అది ఆ సాయంత్రానికే నవ్వులాటగా ముగిసిపోతుంది, పేరొక్కటే మిగులుతుంది. సుబ్బులమ్మకు ముగియలేదు.

ఎట్లా ముగుస్తుంది, అమ్మిన సరుకును అమ్మినవాడే తన ఇంట్లో పెట్టుకుని నాదంటే ఎవడు ఒప్పుకుంటాడు అన్నది ఆమె లెక్క. బిడ్డకు మాటలొస్తుంటే తనను ‘అత్తా’ అని పిలవడం నేర్పింది, మునెమ్మను ‘అమ్మా’ అనమంది. పాలిచ్చింది తను, రాత్రిళ్లు మేలుకున్నది తను. వాడు ఏడిస్తే మాత్రం వీధికి వినపడేలా, ‘మునెమ్మ బిడ్డకు ఆకలైనట్టుండాది’ అనేది. దీపావళికి చొక్కా గుడ్డ తనే ఏరి తెచ్చి, మునెమ్మ చేతుల మీదుగా ఇప్పించేది. వాడికి విషజ్వరం వచ్చినప్పుడు గంజి కాచి, వడగట్టి, ఉప్పు సరిచూసి మునెమ్మ చేతికిచ్చి, ‘నీ బిడ్డకు నువ్వే తాపు’ అని పొయ్యి దగ్గరికి పోయి కూర్చునేది, గిన్నె ఖాళీగా తిరిగొచ్చిందా లేదా అని దానివైపు చూసే చూపు దేవరాజులుకు తెలుసు. మునెమ్మకు ఇదంతా వేడుక. పాలు పోయడానికి వచ్చి మండీ అరుగు మీద చెంబు దించి అందరూ వింటుండగా అనేది: ‘దేవరాజులన్నా, ఎంతమందిని ముంచినావో నువ్వు ఈ మండీలో, నిన్ను ముంచింది మాత్రం నేనే. చేట తవుడుకు ఇంత బిడ్డ! ఇంకో చేట ఇస్తా, ఇంకోణ్ణి కనమను మీ ఇంటామెను.’ అందరూ నవ్వేవాళ్లు, తనూ నవ్వేవాడు. లోపల ఇంట్లో మాత్రం చప్పుడు ఉండేది కాదు. నమ్మకమా అంటే దేవరాజులుకు పెద్దగా లేదు. నమ్మకం లేదు గనక బేరం విరగ్గొట్టొచ్చా అంటే, అదీ వ్యాపారం చేసేవాడి పద్ధతి కాదు. అవతలి పార్టీని ఎన్నడూ చూడలేదు, సంతకం లేదు, సాక్షి లేడు. కానీ ముగ్గురు బిడ్డల్ని వరసగా ఎత్తుకుపోయినవాడు నాలుగోవాడి జోలికి రాలేదు. నడుస్తున్న బేరాన్ని గిల్లి చూసుకోవడం దేనికి?

ఎండ వాలుతున్నా సిమెంటు బెంచీ ఇంకా కాలుతూనే ఉంది. గేటు బయట రోడ్డు మీద గుండ్లు గీయించుకుని గంధం పూసుకున్న జనం, కొండ బస్సుల కోసం పిల్లల్ని చంకలో వేసుకుని పరిగెత్తుతున్నారు. ఆ గుండ్ల మధ్య నుంచి ఒక నల్లటి క్రాపు తల సైకిలు మీద వస్తుంటే లేచి నిలబడ్డాడు, వాడు కాదు, కూర్చున్నాడు. ఫినాయిలు వాసన. ఆ వాసన కింద ఇంకేదో వాసన, తడిసిన గోనెసంచి వాసన లాంటిది, ఏదో పాడవుతున్న వాసన, సరుకు లోపలి నుంచి చెడడం మొదలైతే ముందు ముక్కుకే తెలుస్తుంది, పొద్దున సుబ్బులమ్మ మీదికి వంగినప్పుడు కూడా అదే, ఛీ, ఏం పోలిక ఇది, భార్యను తీసుకుపోయి దేని పక్కన పెడుతున్నావురా. బెంచీకి ఆ చివర కూర్చున్నావిడ, నగరిలో మగ్గాల వాళ్లట, పేరు చంద్రకాంతమ్మ, కోడల్ని కాన్పుకు తెచ్చింది, పొద్దుటి నుంచి మాట కలపాలని చూస్తోంది.

“ఏమన్నా, ఒక్కడివే తిరగతా ఉండావు? ఆయమ్మకు బిడ్డలు లేరా?”

“ఉండారు.”

“ఎంతమంది?”

“ఉండారమ్మా,” అన్నాడు మళ్లీ, అంకె చెప్పకుండా.

ఆమె ఒకసారి చూసి, చెప్పడం ఇష్టం లేదనుకుని, కొంగు విసురుకుంటూ అటు తిరిగింది. ఆ అంకె దగ్గరే గదా అంతా వచ్చింది. ఎంతమంది అని అడిగితే ఒక అంకె చెప్పాలి, అంత చిన్న సంగతి. దాని మీదనే తండ్రీ కొడుకులు ముఖాలు చూసుకోకుండా ఉగాది పోయింది, గంగజాతర పోయింది.

కుప్పయ్య లెక్కల్లో ముందున్నాడని మేష్టర్లే తిరుపతి పంపించమన్నారు. డిగ్రీ, దాని మీద ఎమ్మెస్సీ, గణాంకాలట, స్టాటిస్టిక్స్. ఊళ్ల మీద పడి ఇంటింటి లెక్కలు రాసుకొచ్చి, వాటిని అట్టముక్కల మీద చిల్లులుగా పొడిచి, ఆ అట్టలను మిషనుకు తినిపిస్తే అది సగటులు తీసి అచ్చేసి ఇస్తుందట. ఒక సెలవుల్లో వచ్చి మండీలో తనతో పాటు కూర్చున్నప్పుడు వాడు చెప్పింది దేవరాజులుకు మాట మాటగా గుర్తుంది, ఎందుకంటే వాడు తన చదువు గురించి తనతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

“ఫంక్షన్ అంటారు నాయనా దాన్ని. మన గానుగ మాదిరే. ఈ నోట్లో చెరుకు పెడితే ఆ పక్క రసమొస్తాది. ఎవురు పెట్టినా, ఎన్నిసార్లు పెట్టినా అదే పని.”

“చెరుకు బదులు కంపకట్టె పెడితే?”

వాడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. “అదీ! అదే నాయనా సంగతి! కట్టె పెట్టినా నలిపేస్తాది. ఏదో ఒకటి కారుస్తాది. అదీ రసమేనని మనం తాగేస్తాం.” వయసు తెలియని ముసలివాళ్లకు తొంభైతొమ్మిది అని రాసుకుంటారట, తెలియదని దానికి గుర్తు. మిషనుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, అది తొంభైతొమ్మిదిని తొంభైతొమ్మిదిగానే కూడేసి, ఒక ఊళ్లో అందరికీ కాటికి కాళ్లు చాచుకున్న వయసు తేల్చి ఇచ్చిందట. ఆ కాగితం మీదనే ప్రొఫెసరు ఉపన్యాసం కూడా రాసుకున్నాడట. దేవరాజులు పొట్ట పట్టుకుని నవ్వాడు. అందుకని వీడు గానుగ నోటి దగ్గర ఒక మనిషిని కూర్చోబెడుతున్నాడు, మిషను లోపలే, మాటలతో కట్టిన మనిషి. అట్ట లోపలికి పోకముందే ఆ మనిషి చూస్తాడు: వయసు ఉండాల్సిన చోట అంకే ఉందా, అది మనిషికి ఉండే వయసేనా, తల్లి కంటే బిడ్డ పెద్దదిగా ఉందా, ఇంట్లో ఇంతమంది అని పైన చెప్పినదీ కింద పేర్లు రాసినదీ ఒకటేనా. పొసగకపోతే గానుగలోకి వేయడు, పక్కన పెట్టి, ఇదీ తప్పు అని అచ్చేస్తాడు. “మేము చేసేది మాత్రం ఏందబ్బా,” అన్నాడు దేవరాజులు, ఎదుట ఉన్న దిమ్మను సుత్తితో పగలగొట్టి లోపల గింజలా పేరిన పలుకు చూపిస్తూ, పైకి బంగారంలా ఉన్నా చౌడు నేల చెరుకు బెల్లమైతే నాలికకు ఉప్పు తగులుతుందని, అందుకే తూయక ముందే నాకాలని. “మిషనుకు నాలిక లేదు గదా నాయనా, దానికి నాలిక కుడతా ఉండా,” అన్నాడు వాడు. ఆ రోజు వాడి ముఖం! తర్వాత ఒక చిక్కు అడిగాడు. తప్పుగా వచ్చిన అట్టను ఏం చేయాలి? ఒకాయన పారేయమంటాడు, ఒకాయన ఇట్లా ఉండొచ్చని మనమే దిద్దేసి వేయమంటాడు. నువ్వయితే ఏం చేస్తావు? దేవరాజులు ఆలోచించకుండానే చెప్పాడు: “దిద్దొద్దు. నీ సరుకు కాదు అది. పారేయొద్దు, వానికి కడుపు మండతాది. తెచ్చినోని దగ్గరికే పోయి, ఏమప్పా ఇది, అని అడగాల.” వాడు తల ఊపి మనసులో రాసుకున్నాడు.

రాసుకున్నవాడు ఊరుకుంటాడా, చేశాడు. చిత్తూరు వీధుల్లో ఇంటింటికీ తిరిగి అడిగింది కాలేజీ ఆడపిల్లలు. ఆ అట్టలన్నీ ఒకదాని వెనక ఒకటి మిషను మింగుతుంటే ఒక ఇల్లు మాత్రం వాడు కూర్చోబెట్టిన మనిషి ఆపేశాడు. ఇంట్లో ఉండేవాళ్లు ఇద్దరని పైన ఉంది, కింద మూడు పేర్లు ఉన్నాయి. ఏ ఇల్లని అసలు కాగితం తీసి చూస్తే తన ఇల్లే. యజమాని దేవరాజులు, బెల్లం వ్యాపారం. భార్య సుబ్బులమ్మ. బిడ్డలు ఒకరు. కూతురు, పంకజాక్షి, వయసు ఇరవై ఏడు, పెళ్లి కాలేదు, చదువు లేదు, ఎక్కడుంది అన్నదానికి ఇంట్లోనే. కొడుకులు అన్న చోట గీత. ఎవరికీ చెప్పకుండా ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వాడు మధ్యాహ్నం బస్సుకు చిత్తూరు వచ్చాడు, తండ్రి చెప్పిన పద్ధతి ప్రకారం, తెచ్చినవాళ్లనే అడగడానికి.

వంటింటి గడప మీద కూర్చుని నవ్వుతూనే మొదలుపెట్టాడు. దేవరాజులు అప్పుడే కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.

“అత్తా, లెక్క రాసుకునే పిల్లకు ఎంతమంది బిడ్డలని చెప్తివి?”

“ఒకతే,” అంది సుబ్బులమ్మ, చారు వడ్డిస్తూ, తల ఎత్తకుండా.

“మరి నేను?”

“నువ్వు మునెమ్మ బిడ్డవు గదా.”

“అది వీధిలో చెప్పుకునే మాటలే. కాగితంలోకి ఎక్కే లెక్క అది. ఆ పిల్ల నిన్ను గుట్టుగా అడిగింది, ఎవురూ వినలేదు. ఆడ కూడా నేను లేనా?”

ఆమె ఇంకో గరిటె చారు పోసింది. వాడి నవ్వు ఎక్కడ ఆగిపోయిందో దేవరాజులుకు గుర్తు లేదు, చూసేసరికి లేదు. “సచ్చిపోయిన బిడ్డకు ఏటికేడు వయసు కూడతా ఉండావే, బతికుండేవానికి ఒక గీతకొడితివే,” అన్నాడు వాడు, గొంతు పెంచకుండా, దానికే దేవరాజులుకు భయం వేసింది. “అమ్మా అని ఒక్కసారి పిలస్తా. పలుకు. ఎవురూ లేరు ఈడ.” సుబ్బులమ్మ చేతిలోని గరిటె కింద పెట్టి రెండు చెవులూ మూసుకుంది. చిన్నపిల్ల ఉరుముకు మూసుకున్నట్టు. వాడు తండ్రి వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు నాయనా. నేను ఎవురి బిడ్డను?” మండీలో ఎంత మొండి బేరమైనా ఒక మాటతో తెంచే మనిషి, విస్తట్లో చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయాడు. నా బిడ్డవే అంటే ఆమె ఆ రాత్రి నుంచి నిద్రపోదు, వాడికి చిన్న దగ్గు వచ్చినా మీరన్న మాటకే అంటుంది. కాదంటే ఎట్లా అంటాడు. వాడు లేచాడు, చెప్పులు వేసుకున్నాడు. కాగితంలో ఏమీ దిద్దలేదు. “పక్కన పెట్టేస్తా లే,” అన్నాడు, “ఈ ఇల్లు లెక్కలో వద్దు.” అంతే, మళ్లీ రాలేదు. మునెమ్మకు మాత్రం ఉత్తరాలు రాసేవాడట, క్షేమమని. ఆమె వచ్చి చదివించుకునే నెపంతో సుబ్బులమ్మకు వినిపించి పోయేది.

ఆ తర్వాత ఒకరోజు, పెద్ద కారణమేమీ లేదు, తక్కెడ తట్టలు తుడిపిస్తుంటే దేవరాజులుకు ఆమె లెక్క అర్థమైంది. ఇంట్లో ఉన్న సొమ్మును ఎవడూ వీధిలో నాదని చాటుకోడు, దొంగ వింటాడు. దొంగ ఎత్తుకుపోయిన సొమ్మునైతే ఎంత గట్టిగానైనా నాదని చెప్పుకోవచ్చు, దానికి ఇక భయం లేదు. సుబ్బులమ్మ పంకజాక్షిని నోరారా నా కూతురంటుంది, ఏటా వయసు పెంచుతుంది, ఎవరడిగినా ఇంట్లోనే ఉందంటుంది. ఆమె ధైర్యంగా చెప్పుకోగలిగిన బిడ్డ అదొక్కతే. వాడి చోట గీత కొట్టించిందంటే వాడి మీద ఆమెకు ప్రేమ లేక కాదు. ఈ సంగతి వాడికి చెప్పాలనుకున్నాడు. చెప్పడానికి తిరుపతి బస్సు కూడా ఎక్కాడు ఒకసారి, బెల్లం పని మీద వచ్చినట్టు, యూనివర్సిటీ గేటు దాకా పోయి, ఇట్లాంటి మాటలు కొడుకుతో ఏ ముఖం పెట్టుకుని మొదలుపెట్టాలో తెలియక తిరిగొచ్చాడు. ఒక బండి బెల్లం అమ్మడానికి నూరు మాటలు వస్తాయి. ఈ ఒక్కటీ రాలేదు. ఈలోగా ఆమె కాళ్లు వాచాయి, ఆయాసం వచ్చింది, చిత్తూరు డాక్టరు తిరుపతికి తీసుకుపొమ్మన్నాడు. కారులో వస్తూ కొండ కనిపించగానే ఆమె చెయ్యి ఎత్తి దండం పెట్టి అడిగింది ఒకటే: “మునెమ్మ కొడుకు ఈ ఊర్లోనే గదా ఉండేది?”

అది వాణ్ణి చూడాలి అనడం కాదు, చూడొద్దు అనడమూ కాదు. ఆ రెంటిలో ఏది అని పొద్దుటి నుంచి తనను తాను అడుగుతున్నాడు. తెలిసేలోగా, ఐదు గంట కొట్టక ముందే, గేటు దగ్గర సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. కుప్పయ్య. చొక్కా వీపుకు అతుక్కుని ఉంది, జేబులో పెన్సిలు, ఫోను మాట అందిన క్షణమే తొక్కుకుంటూ వచ్చినట్టుంది, నోటితో ఊపిరి తీస్తున్నాడు. చిక్కిపోయాడు. మెడ కింద ఎముకలు తేలాయి. తండ్రి ఎదుట నిలబడ్డాడు గానీ తండ్రిని చూడడం లేదు, వార్డు తలుపును చూస్తున్నాడు.

“ఎట్లుండాది?”

“అట్లే ఉండాది. ఒరే అబ్బా, లోపలికి పోకముందు ఒక మాట...”

“ఏంది నాయనా?”

దేవరాజులు నోరు తెరిచాడు. దొంగ, సొమ్ము, గీత, తక్కెడ, వీటిలో ఏది ముందు చెప్పాలి. “నీళ్లు తాగుతావా?” అన్నాడు.

“వద్దు,” అని వాడు లోపలికి నడిచాడు.

వెనకాలే పోయాడు. మంచాల మధ్య దారి, స్టీలు గిన్నెలు, ఎవరి బిడ్డో ఏడుస్తోంది, నర్సు ఎవరినో గదమాయిస్తోంది. సుబ్బులమ్మ కళ్లు మూసుకుని ఉంది, ఛాతీ మాత్రం ఎవరో లోపలి నుంచి తోస్తున్నట్టు లేచి పడుతోంది. వాడు మంచం కాళ్ల దగ్గరే ఆగిపోయాడు. ఇంతేనా ఆమె, ఇంత చిన్నదా, అని వాడు అనుకుంటున్నట్టు వెనక నుంచి కూడా దేవరాజులుకు తెలిసింది, వాడి భుజాలు కిందికి దిగాయి. ఆమె కళ్లు తెరిచింది. తెరిచి చూసింది. దేవరాజులు ఇరవై రెండేళ్లలో ఆమె వాణ్ణి అట్లా నిండుగా, తల తిప్పుకోకుండా చూడడం చూడలేదు. తల నుంచి మొదలుపెట్టి ముఖం, మెడ, చేతులు, మళ్లీ ముఖం. వాడి పెదాలు కదిలాయి. అయిపోయింది, అనేస్తాడు, అనుకుని దేవరాజులు మంచం కడ్డీ పట్టుకున్నాడు.

“ఎవురబ్బా అది?” అంది సుబ్బులమ్మ.

గొంతు సన్నగా ఉంది గానీ తడబాటు లేదు. ఎవరో తెలియక అడిగిన గొంతు కాదు అది. వాడికీ తెలిసింది. పొసగని ప్రతి అట్టనూ ఏరి పక్కన పెట్టే చదువు చదివినవాడు, ఈ ప్రశ్నను పక్కన పెట్టలేదు.

“నేను, అత్తా,” అన్నాడు. “మునెమ్మ కొడుకును.”

“ఎవురు? గట్టిగా చెప్పు.”

వాడు తలుపు వైపు ఒకసారి చూశాడు. ఆమె ఎవరికి వినపడాలని అడుగుతోందో వాడికి అర్థమైందని దేవరాజులుకు ఆ చూపులో తెలిసింది. తను చెప్పాలని ఇన్నాళ్లూ మోసుకు తిరిగిన మాట వాడికి ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. వాడు గొంతు సవరించుకుని, వార్డులో వాళ్లంతా తిరిగి చూసేలా, వీధిలో కేకేసినట్టు అన్నాడు:

“మునెమ్మ కొడుకును! చిత్తూరు మునెమ్మ కొడుకు కుప్పయ్యను!”

“ఓ, మునెమ్మ కొడుకువా.” ఆమె ముఖం మీద బిగువు సడలింది. దిండు మీద తల ఒక పక్కకు వాలింది, కళ్లు మాత్రం వాడి మీదే ఉన్నాయి. “నాకు ఒకతే కూతురు నాయనా. పంకజాక్షి.”

“తెలుసత్తా. ఇంట్లోనే ఉండాది గదా.”

“ఉండాది.” ఊపిరి అందక ఆగి, మళ్లీ కూడదీసుకుంది. “ఈడ ఉండొద్దు నువ్వు. ఆసుపత్రి వాసన మంచిది కాదు. పో అబ్బా, మీయమ్మ ఎదురుచూస్తా ఉంటాది.”

వాడు వంగి ఆమె పాదాలు ముట్టుకుంటాడేమోనని దేవరాజులు చూశాడు. ముట్టుకోలేదు. పరాయి బిడ్డ ఎందుకు ముట్టుకుంటాడు. “పోయొస్తా అత్తా,” అని, వచ్చిన దారినే, మంచాల మధ్యగా, వెనక్కి తిరక్కుండా నడిచిపోయాడు. తలుపు దాటాక ఎటూ పోలేదు. వరండాలో, ఆమె మంచానికి కనపడని వైపు, గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. అక్కడి నుంచి దేవరాజులుకు వాడి చొక్కా చెయ్యి ఒక్కటే కనిపిస్తోంది, మోచేతి దాకా.

“పోయినాడా?” అంది సుబ్బులమ్మ, కళ్లు మూసుకుని.

దేవరాజులు ఆ చొక్కా చెయ్యిని చూస్తూ, “పోయినాడు,” అన్నాడు.

“మునెమ్మకు చెప్పు,” అంది ఆమె. “బిడ్డ చిక్కిపోయినాడని చెప్పు. అన్నం సరిగ్గా పెట్టమని చెప్పు.”